చెరిపిందీ కాగితమే, వెతికిందీ కాగితమే



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగకాలమంతా రేడియో టేపుల గదిని కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆయన గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. అందుకని పొగడ్తలు మీకే వదిలేసి, ఆయన పనికి దగ్గర చుట్టమైన సంగతి ఒకటి చెబుతాను. బ్రిటిష్ టెలివిజన్ తన కార్యక్రమాల్ని తన చేతులతోనే పోగొట్టుకుంది. వాటికోసం దేశదేశాల్లో ఇప్పటికీ గాలిస్తూనే ఉన్నారు.

వాళ్ళ గొడవ మనకెందుకని మీరు అడగవచ్చు. మన తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇవాళ చూద్దామంటే లేదు. అది ఎప్పుడు, ఎవరి చేతిలో పోయిందో చెప్పే కాగితం నా కంటబడలేదు. బ్రిటన్‌లో పోయినవాటికి మాత్రం చాలావరకు పద్దు ఉంది. ఫలానా టేపు చెరపవచ్చని ఫలానా శాఖ ఆమోదించినట్టు రాసి ఉంటుంది. నన్ను ఈ విషయంలోకి లాగింది ఆ పద్దే.

మొదట్లో అసలు రికార్డు చేయడమే లేదు. నాటకం స్టూడియోలో ఆడేవాళ్ళు, అది అప్పటికప్పుడే ఇళ్ళకు చేరేది. 1954 డిసెంబరులో జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలను బీబీసీ నాటకంగా ఆదివారం ప్రసారం చేసింది. గురువారం పునఃప్రసారం. పునఃప్రసారమంటే నటులందరూ మళ్ళీ వేషాలు కట్టి, మళ్ళీ మొదటినుంచీ ఆడటమే. ఆ గురువారం ఆటను ఫిల్ముకెక్కించారు కాబట్టి అది మనకు దక్కింది. ఆదివారం ఆట గాలిలో కలిసిపోయింది. ఫిల్ముకెక్కించడమంటే టీవీ తెర ఎదుట సినిమా కెమెరా పెట్టి, తెరమీది బొమ్మను ఫొటో తీయడం. అంతకు ఏడాది ముందు ‘క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ అనే ధారావాహిక ఆరు భాగాల్లో రెండింటిని ఇలాగే తీశారు. రెండో భాగం నడుస్తుండగా ఒక పురుగు వచ్చి ఆ తెరమీద వాలింది. అది కూడా రికార్డయింది. నాణ్యత బాగాలేదని మిగిలిన నాలుగూ తీయలేదు. ఆ నాలుగు భాగాలూ లేవు, పురుగు మాత్రం ఇవాళ్టికీ ఉంది.

తర్వాత వీడియో టేపు వచ్చింది. ఇప్పటివాళ్ళు టేపంటే క్యాసెట్టు అనుకుంటారు. అది రెండంగుళాల వెడల్పు, సెకనుకు పదిహేను అంగుళాల పరుగు. గంట కార్యక్రమానికి దాదాపు 4,500 అడుగులు కావాలి. ధర మండిపోయేది. అయితే దాని గొప్పతనం ఏమిటంటే చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. కొన్నవాళ్ళు కొన్నది అందుకే. ఇంజినీరింగు శాఖ దృష్టిలో టేపు పలకలాంటిది. నిన్నటి లెక్క తుడవకుండా ఇవాళ్టి లెక్క ఎక్కడ చేస్తారు?

దీన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ రోజుల్లో ఒక్కొక్క శాఖ లెక్క ఒక్కొక్కటిగా చూస్తే తప్పు దొరకదు. పాత కార్యక్రమాలు తిప్పితిప్పి వేస్తే తమ పొట్ట కొట్టినట్టేనని నటుల సంఘం పునఃప్రసారాలకు హద్దులు పెట్టించింది. గడువు దాటాక ఆ టేపుతో బీబీసీకి పనిలేదు. ఫిల్ముమీద తీసినవాటిని ఫిల్ము లైబ్రరీ చూసుకునేది. టేపులు ఇంజినీర్లవి. విదేశాలకు అమ్మడానికి 16 ఎంఎం ప్రతులు తీయించే పని బీబీసీ ఎంటర్‌ప్రైజెస్‌ది. ప్రతులు ఎంటర్‌ప్రైజెస్‌లో ఉన్నాయి కదా అని టేపులవాళ్ళు చెరిపేశారు. అసలుది లైబ్రరీలో ఉంటుంది కదా అని ఎంటర్‌ప్రైజెస్‌వాళ్ళు అమ్మకపు గడువు తీరిన ఫిల్ములు పారేశారు. ఇద్దరూ నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. మన ఉమ్మడి కుటుంబాల్లో పెద్దాయన మందులు నువ్విచ్చావనుకుని నేను, నేనిచ్చాననుకుని నువ్వు ఊరుకున్నట్టు.

అలా పోయినవాటి జాబితా చదవను, రెండు మూడు చెబుతాను. 1969 జులైలో మనిషి చంద్రుడిమీద దిగినప్పుడు బీబీసీ స్టూడియో నుంచి సాగిన రాత్రంతటి ప్రసారం లేదు. బాబ్ డిలన్ ఇంకా ఎవరికీ తెలియని కుర్రాడుగా ఉన్నప్పుడు, 1963 జనవరిలో నటించి పాడిన ‘మ్యాడ్‌హౌస్ ఆన్ కాసిల్ స్ట్రీట్’ నాటకం లేదు. ‘డాక్టర్ హూ’ అనే పిల్లల ధారావాహిక మొదటి ఆరేళ్ళలో 253 భాగాలు వస్తే, 2013 నాటి లెక్కకు వాటిలో 97 లేవు. ఆ పోయినవాటిలో 1964 నాటి ‘మార్కో పోలో’ ఏడు భాగాలూ ఉన్నాయి. వాటిలో ఆరింటికి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. ఆ ధారావాహిక మొట్టమొదటి కథకు దర్శకుడూ ఆయనే. అది నిలిచింది, ‘మార్కో పోలో’ పోయింది. ఏది ఉండాలో ఏది పోవాలో నాణ్యత చూసి ఎవరూ తేల్చలేదు.

1978 ప్రాంతంలో స్యూ మాల్డెన్ అనే ఆవిడ బీబీసీలో భద్రపరచవలసినవాటిని ఎంపికచేసే ఉద్యోగంలో చేరి, అసలు ఏమున్నాయో ఏం లేవో చూడటం మొదలుపెట్టింది. అక్కడి నుంచి పారేయడం ఆగింది, వెతకడం మొదలైంది.

వెతకడమంటే అటకలు దులపడం అనుకుంటాం. అసలు పని చిట్టాల్లో జరుగుతుంది. ఒక ప్రతి బీబీసీ నుంచి బయలుదేరి ఒక దేశంలో ప్రసారమయ్యాక, గడువు తీరితే ఆ స్టేషన్ మూడింట్లో ఒకటి చేయాలి: తిప్పి పంపాలి, ధ్వంసం చేయాలి, లేదా కొనుక్కున్న పక్క దేశానికి పంపాలి. ఆ మూడోదే వెతికేవాళ్ళ పాలిట వరం. డబ్బా ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు వెళ్ళిందో పట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ‘ధ్వంసం చేశాం’ అనే ధ్రువపత్రం ఉండదు. ఆ డబ్బా అక్కడే ఆగిపోయిందన్నమాట. 1991 చివర్లో హాంకాంగ్‌లోని ఒక టీవీ సంస్థ నుంచి అలా ఆగిపోయిన ‘డాక్టర్ హూ’ కథ ‘టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ బయటపడ్డాయి.

ఫిలిప్ మోరిస్ అనే ఆయన ఆఫ్రికా దేశాల్లో ఇదే పని చేశాడు. నైజీరియాలోని జోస్ పట్టణంలో ఒక టీవీ రిలే స్టేషన్. 1970ల్లో మన ఊళ్ళ నుంచి కూడా లెక్కల మాస్టార్లుగా, సైన్సు మాస్టార్లుగా నైజీరియా వెళ్ళినవాళ్ళున్నారు కాబట్టి ఆ ఊరి పేరు మీలో కొందరికి కొత్త కాకపోవచ్చు. ఆ స్టేషన్ సామాన్ల గదిలో దుమ్ము పట్టిన డబ్బాలు, వాటిమీద అంటించిన టేపు ముక్కలు. దుమ్ము తుడిస్తే ‘డాక్టర్ హూ’ అన్న పేరు. 2013 అక్టోబరులో ప్రకటించారు: అంతదాకా లేవనుకున్న తొమ్మిది భాగాలు దొరికాయి. ‘వెబ్ ఆఫ్ ఫియర్’ ఆరు భాగాలూ తాను అక్కడ చూశానని, డబ్బాలు చేతికొచ్చేసరికి మూడోది మాయమైందని మోరిస్ చెప్పాడు. లేవన్నవాటికి పద్దు దొరుకుతుంది గాని, దొరికాక పోయినదానికి పద్దెక్కడిది?

అమెరికాలో సంగతి ఇంకా సాదాగా తేలింది. న్యూయార్క్‌లోని విద్యా టెలివిజన్ కొనుక్కున్న బ్రిటిష్ నాటకాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరి, అక్కడే భద్రంగా ఉన్నాయి. 2010లో అరవైకి పైగా వెలుగులోకి వచ్చాయి. జేమ్స్ బాండ్ కాకముందు షాన్ కానరీ నటించిన నాటకమూ అందులో ఉంది. అవి అక్కడ పోలేదు, బ్రిటన్‌లో లేవని అక్కడివాళ్ళకు తెలియదు, అంతే.

నన్ను అన్నిటికన్నా నవ్వించిన ఆచూకీ ఆస్ట్రేలియాది. అక్కడి సెన్సారు వాళ్ళు పిల్లలు జడుసుకుంటారని ‘డాక్టర్ హూ’లో భయపెట్టే దృశ్యాలు కత్తిరించి, కత్తిరించినట్టు రుజువుగా ఆ ముక్కల్ని ఫైళ్ళతోపాటు దాచారు. గడువు తీరాక పూర్తి భాగాలు బుగ్గయ్యాయి. 1996లో అభిమానులు ఆ ముక్కల్ని ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారంలో పట్టుకున్నారు. అంటే ఎవరూ చూడకూడదన్న కొన్ని సెకన్లే మిగిలి, అందరూ చూడవచ్చన్న అరగంట పోయింది. సెన్సారు వాళ్ళకు కృతజ్ఞత చెప్పవలసిన రోజు వస్తుందని సినిమావాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

మరొకటి దగ్గర నుంచి చూపించాలి. 1960ల చివర్లో, 1970ల మొదట్లో రంగుల్లో తీసిన కార్యక్రమాల టేపులు చెరిగిపోయి, రంగుల టీవీ లేని దేశాలకని తీసిన నలుపు తెలుపు ఫిల్ములే మిగిలినవి కొన్ని ఉన్నాయి. ఫిల్ము తీసేటప్పుడు రంగు తాలూకు సంకేతాన్ని వడపోత పెట్టి ఆపాలి. చాలాసార్లు ఆపలేదు. ఆ నిర్లక్ష్యం వల్ల బొమ్మ నిండా ముగ్గు చుక్కలంత క్రమంగా సూక్ష్మమైన చుక్కలు పడ్డాయి. చూసేవాళ్ళకు అది చిరాకు. బీబీసీ ఇంజినీరు జేమ్స్ ఇన్సెల్ మాత్రం ఆ చుక్కల్లో రంగు దాక్కుని ఉందని పసిగట్టాడు. చుక్కల్ని కంప్యూటరుతో చదివి రంగును వెనక్కి రప్పించే పద్ధతి ఆయన, ఆయన మిత్రులు రూపొందించారు. ‘డాడ్స్ ఆర్మీ’ అనే హాస్య ధారావాహికలో ‘రూమ్ ఎట్ ది బాటమ్’ అనే భాగాన్ని 2008లో అలా రంగుల్లో ప్రసారం చేశారు. రంగులు అద్దడం కాదు, అందులో ఉన్న రంగే తిరిగొచ్చింది. ఆ రోజు వడపోత సక్రమంగా పెట్టిన ఇంజినీరు ఫిల్ముల్లో ఇలా తీయడానికి ఏమీ లేదు.

సాయంకాలం టీవీ ముందు మైకు పెట్టి ధ్వని మాత్రం రికార్డు చేసుకున్న పిల్లల్నీ మరవకూడదు. ‘డాక్టర్ హూ’లో బొమ్మలు పోయిన ప్రతి భాగానికీ ధ్వని మిగిలింది వాళ్ళ పుణ్యాన్నే. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫరు తెరమీది బొమ్మల్ని వరసగా ఫొటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్ముకుని బతికాడు. ఆయన ఫొటోలనూ ఈ ధ్వనినీ జతచేసి ఇవాళ పోయిన భాగాల్ని కూర్చుతున్నారు.

ఇక చివరి సంగతి, నాకు కొంచెం పట్టుదల ఉన్న సంగతి. 1993 నుంచి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ‘మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్’ పేరిట దొరికినవాటిని ప్రదర్శిస్తోంది. దొరికినవాటిలో చాలా ప్రైవేటు వ్యక్తుల దగ్గరివే. ‘డాడ్స్ ఆర్మీ’ రెండు భాగాలు స్టూడియో చెత్తలోంచి ఏరి ఎవరో ఏళ్ళ తరబడి ఇంట్లో పెట్టుకున్నవి. 2001లో తిరిగొచ్చాయి. మంచి ఫిల్ము కూడా చెడ్డ గదిలో పులిసిపోతుంది. డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన కొడితే దాని పని అయిపోతున్నట్టే. కాబట్టి దాచినవాణ్ణి ఎంత త్వరగా మాట్లాడిస్తే అంత మేలు. కాని వాడు నోరు విప్పడు, ఎందుకంటే పారేసినదాన్ని ఏరుకున్నా సొంతదారు సంస్థే. దొంగతనం కింద వస్తుందేమోనని వాడి భయం. తెచ్చి ఇచ్చినవాణ్ణి ఎక్కడిదని అడగకుండా, నకలు తీసుకుని డబ్బా తిరిగిచ్చేయడమే సరైన పద్ధతి. సంస్థల చట్టబద్ధమైన హక్కుల్ని నేను తక్కువ చేయడంలేదు. చట్టబద్ధంగానే వాళ్ళు వాటిని తగలబెట్టారు కూడా.

హాస్యనటుడు బాబ్ మంక్‌హౌస్‌కు సినిమాలూ టీవీ కార్యక్రమాలూ కూడబెట్టే పిచ్చి. ఆ ఫిల్ముల విషయంలోనే ఆయనమీద కేసు పెట్టి 1979లో లండన్ ఓల్డ్ బెయిలీ బోనెక్కించారు. నిర్దోషిగా బయటపడ్డాడు. 2003లో పోయాడు. తర్వాత ఆయన ఇంట్లో వేలకొద్దీ టేపులు, రీళ్ళు తెరిచి చూస్తే, ఏ సంస్థ దగ్గరా లేని బ్రిటిష్ కార్యక్రమాలు వాటిలో ఉన్నాయి.