చెయ్యి కడుక్కునేలోపే
(జీడిమెట్లలో రైతులు, కార్మికులు కలిసిన సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జీడిమెట్ల పారిశ్రామికవాడలో రసాయనాల డ్రమ్ములు ఎత్తేవాళ్లం, పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్లం ఈరోజు ఒకేచోట కూర్చున్నాం. మన ఇద్దరి కష్టాన్నీ కలిపేది మన చర్మం.

మందు నోట్లోకి పోతేనే విషమని మనలో చాలామందిమి అనుకుంటాం. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఉత్త చేత్తో మందు కలుపుతాం. కానీ పిచికారీ చేసేవాళ్ల ఒంట్లోకి మందు ఎక్కువగా చేరేది చర్మం గుండానే.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. ఓఈసీడీ 428వ నంబరు పరీక్ష 2004లో వచ్చింది. ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్నో, చనిపోయినవారి చర్మాన్నో రెండు చిన్న గదుల మధ్య బిగిస్తారు. పైన మందు, కింద ద్రవం. చర్మాన్ని 32 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కొన్ని గంటలకు పైమందు కడిగేసి, సాధారణంగా 24 గంటలదాకా కిందికి ఎంత దిగిందో చూస్తారు. కడిగినా చర్మంలో మిగిలింది తర్వాత దిగవచ్చు కాబట్టి దాన్నీ కొలుస్తారు.

ఇలాంటి పరీక్షలు మనకు చెప్పేవి మూడు.

ఒకటి: నీళ్లు కలిపితే ప్రమాదం పోదు. పరీక్ష ఫలితాలు లేనప్పుడు ఈసీ మందు చిక్కగా తగిలితే 25 శాతం, నీళ్లు కలిపాక తగిలితే 70 శాతం లోపలికి పోతుందని లెక్కేయాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో చెప్పింది. చిక్కటి మందులో విషం ఎక్కువ కనుక కలిపేటప్పుడు జాగ్రత్త తప్పదు. పలచనే కదా అని వీపు మీద కారే పంపును మోయడమూ తప్పే.

రెండు: ఒళ్లంతా ఒకటి కాదు. పారాథియాన్ మీద అమెరికా పరిశోధకులు 1971లో ప్రచురించిన లెక్కల్లో ముంజేతి నుంచి సుమారు 9 శాతం, నుదుటి నుంచి 36 శాతం, వృషణాల చర్మం నుంచి దాదాపు అంతా లోపలికి పోయింది. మందుతో తడిసిన లుంగీతో పొద్దుగూకేదాకా ఉంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మూడు: ప్రయోగశాలలో గాయంలేని చర్మాన్నే ఎంచుకుంటారు. మన చేతులకు కొడవలి గాట్లు, పత్తికాయ గీతలు, పగుళ్లు ఉంటాయి. అక్కడి అంకె మనకు తక్కువే కావచ్చు.

2017లో మన ఆదిలాబాద్ సరిహద్దు అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. గ్లౌజులు వేసుకోలేదని నెపం రైతుల మీదికే నెట్టారు. ఉక్కపోతలో వేసుకోగలిగే రక్షణ దుస్తులు వాళ్లకు ఎవరిచ్చారు?

అందుకే అడుగుతున్నాం. చర్మం గుండా ఏ మందు ఎంత పోతుందో, కొట్టిన ఎన్ని గంటలకు కలుపు కూలీలు చేలో దిగవచ్చో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ముద్రించాలి. సీసాతోపాటే గ్లౌజులు ఇవ్వాలి. ఫ్యాక్టరీ కార్మికులకూ కౌలు రైతులకూ కూలీలకూ ఇదే హక్కు ఉండాలి.

అవి సాధించేదాకా ఒక్క పని మన చేతిలో ఉంది. గట్టు మీద సబ్బు, బిందెడు నీళ్లు పెట్టుకోండి. మందు అంటిన వెంటనే కడుక్కోండి, తడిసిన బట్ట మార్చండి. ఇంటికెళ్లి స్నానం చేద్దామనుకుంటే, అప్పటికే కొంత లోపలికి దిగిపోయి ఉంటుంది.