ఛార్జర్ ఆపాకే క్లిప్పు తీయండి

ఈసారి సైట్‌లో రోజూ చూసే జనరేటర్ బ్యాటరీ ముచ్చట.

నీళ్లు పల్లానికి వాటంతటవే పోతాయి, పైకెక్కాలంటే మోటారు కావాలి. బ్యాటరీ కూడా అంతే. కరెంటు ఇచ్చేటప్పుడు లోపలి సీసం పలకలు యాసిడ్‌తో కలిసి వాటంతటవే లెడ్ సల్ఫేట్‌గా మారుతాయి. వెనక్కి మాత్రం వాటంతటవి రావు. ఛార్జర్ పెట్టి కరెంటును ఎదురు తోయాలి. అందుకే 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జర్ 14 వోల్టుల దాకా ఇస్తుంది. ఐటీఐలో మా సారు దీన్నే ఎలక్ట్రోలిసిస్ అనేవారు.

బ్యాటరీ నిండినా ఛార్జర్ తీయకపోతే ఆ కరెంటు నీళ్లను విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న రవ్వకే అంటుకుంటుంది.

ఒక చలికాలం రాత్రి స్టోర్ రూమ్ తలుపులు మూసి ఛార్జింగ్ పెట్టించింది నేనే. పొద్దున ఓ తమ్ముడు ఛార్జర్ ఆపకుండా క్లిప్పు లాగాడు. రవ్వ లేచింది, బ్యాటరీ పగిలింది, యాసిడ్ మొహం మీద పడింది. వెంటనే నీళ్లతో బాగా కడిగాం, కళ్లు దక్కాయి. తప్పు వాడిది కాదు, ముందే చెప్పని నాది.

అందుకే చెబుతున్నా: తలుపులు తెరవండి, కళ్లద్దాలు పెట్టుకోండి, సిగరెట్ దూరంగా ఉంచండి. ముందు స్విచ్, తర్వాతే క్లిప్పు. ఉంటాను మరి.