ఉత్ప్రేరకంలో పరాయి పరమాణువు: కాంతితో హైడ్రోజన్ ఉత్పత్తిపై అధ్యక్షోపన్యాసం



కాంతితో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను రాబట్టే పరిశోధనకు, 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై ప్రకటించిన ప్రయోగం నాంది పలికిందన్నది ఈ సభకు తెలిసిన విషయమే. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు నిండి ఉన్న సంయోజక పట్టీకీ, ఖాళీగా ఉన్న వహన పట్టీకీ నడుమ నిషిద్ధ శక్తి అంతరం ఉంటుంది. అంతకు మించిన శక్తి గల ఫోటాన్ తగిలినప్పుడే ఎలక్ట్రాన్ పై పట్టీకి చేరి, దాని చోట రంధ్రం మిగులుతుంది. ఎలక్ట్రాన్ వల్ల హైడ్రోజన్, రంధ్రం వల్ల ఆక్సిజన్ వెలువడాలి. టైటానియం డయాక్సైడ్‌లో ఆ అంతరం 3 ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడినది కాబట్టి, సౌరశక్తిలో సుమారు 5 శాతం మాత్రమే ఉండే అతినీలలోహిత కాంతికే అది స్పందిస్తుంది.

స్ఫటికంలోకి పరాయి పరమాణువులను స్వల్పంగా చొప్పించే మాదీకరణాన్ని, అంటే డోపింగ్‌ను, ఈ లోటు తీర్చడానికి, అనగా తెల్లని పొడి దృశ్యకాంతిని కూడా గ్రహించేలా చేయడానికి, విరివిగా వాడారు. అయితే గ్రహించిన కాంతి అంతా హైడ్రోజన్‌గా మారదు. చొప్పించిన పరమాణువే ఎలక్ట్రాన్‌నూ రంధ్రాన్నీ తన వద్ద కలిపివేస్తే, పునస్సంయోగమనే ఆ చర్యలో శక్తి వేడిగా వృథా అవుతుంది. స్ట్రాన్షియం టైటనేట్ అనే మరో అర్ధవాహకంలో టైటానియం స్థానాన రోడియం చేర్చినప్పుడు ఇదే జరిగింది: మూడు ధనావేశాల రోడియం దృశ్యకాంతికి దారి ఇవ్వగా, నాలుగు ధనావేశాల రోడియం ఎలక్ట్రాన్లను పట్టివేసింది. స్ట్రాన్షియం స్థానంలో లాంథనంను కూడా చేర్చడంతో ఆవేశాల లెక్క సరిపోయి, రోడియం మేలు చేసే రూపంలోనే నిలిచింది. ఈ పదార్థాన్ని మాలిబ్డినం చేర్చిన బిస్మత్ వనడేట్‌తో జతచేసిన పలక, 2016లో సౌరశక్తిలో 1.1 శాతాన్ని హైడ్రోజన్‌గా నిలపగలిగింది.

ఇంతకన్నా బోధపరిచేది అల్యూమినియం కథ. అది రంగు తేదు, దృశ్యకాంతిని గ్రహించదు. స్ట్రాన్షియం టైటనేట్‌ను స్ట్రాన్షియం క్లోరైడ్ ద్రవంలో, అల్యూమినా మూసలో వేడిచేసినప్పుడు, మూస నుంచే అల్యూమినియం స్ఫటికంలోకి చేరి, పునస్సంయోగానికి తావిచ్చే మూడు ధనావేశాల టైటానియం లోపాలను తగ్గించింది. ఈ అల్యూమినియం చేర్చిన పదార్థంలోనే, ఎలక్ట్రాన్లు చేరే ముఖాలపై రోడియంను, క్రోమియం ఆక్సైడ్‌ను, రంధ్రాలు చేరే ముఖాలపై కోబాల్ట్ సమ్మేళనాన్ని సహ ఉత్ప్రేరకాలుగా నిలిపి, 2020లో జపాన్ శాస్త్రవేత్త డొమెన్ బృందం 350 నుంచి 360 నానోమీటర్ల కాంతికి 96 శాతం వరకు క్వాంటం సామర్థ్యం సాధించింది. పడిన ఫోటాన్లలో ఎన్ని ఉత్పత్తికి ఉపయోగపడ్డాయో చెప్పే కొలమానమిది. అయినా అదే పదార్థంతో 100 చదరపు మీటర్ల పలకలను నిర్మించి ఎండలో నడిపినప్పుడు, 2021లో ప్రకటించిన ఫలితం ప్రకారం హైడ్రోజన్‌గా మారిన సౌరశక్తి 0.76 శాతమే, కారణం అది గ్రహించే అతినీలలోహిత కాంతి సూర్యుని వెలుగులో అతి కొద్ది పాలు కావడమే. వాడుకకు రావాలంటే 5 నుంచి 10 శాతం కావాలని పరిశోధకుల అంచనా. లోపాలను మాన్పే మాదీకరణాన్నీ, దృశ్యకాంతిని గ్రహించే మాదీకరణాన్నీ ఒకే స్ఫటికంలో సాధించడమే ముందున్న పని.

ఆ పని సాగాలంటే కొలతలు నమ్మదగినవై ఉండాలి. దీపమూ, పాత్రా మారితే మారిపోయే, గ్రాముకు గంటకు ఇంతని చెప్పే వేగాలు రెండు ప్రయోగశాలలను పోల్చనివ్వవు. రంధ్రాలను హరించి తానే ఆక్సీకరణం చెందే మెథనాల్ సాయంతో వచ్చిన హైడ్రోజన్‌ను, నీరు విడిపోయి వచ్చినదిగా చెప్పడం అంతకన్నా తప్పు. కాబట్టి ఈ సదస్సులో పత్రాలు సమర్పించేవారు తరంగదైర్ఘ్యంతో సహా క్వాంటం సామర్థ్యాన్నీ, ఆక్సిజన్ పరిమాణాన్నీ, ఉత్ప్రేరకం ఎన్ని గంటలు నిలిచిందన్న వివరాన్నీ తప్పక తెలపాలని సభాధ్యక్ష స్థానం కోరుతున్నది.