మనము లేని గదిలో మన మాట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభ నాకు క్రొత్తది కాదు. మా నాన్నగారు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా ఉద్యోగ విరమణ చేసిరి. ఉగాదికిని, సంక్రాంతికిని ఈ సంఘము జరుపు ఉత్సవములకు నన్ను చేయిపట్టి తీసికొనివచ్చి వెనుక వరుసలో కూర్చుండబెట్టెడివారు. చివర పంచెడి పులిహోర పొట్లము కొరకు ఉపన్యాసములను ఓర్చుకొన్న బాలురలో నేనొకడను. ఆ ఋణమును మీకు తీర్చుకొను వంతు నేడు నాకు వచ్చినది.

మన సభ్యుల పిల్లలలో పలువురు పి.హెచ్.డి. ముగించి, తొలి ఉద్యోగములలో చేరి, పరిశోధన గ్రాంటులకు దరఖాస్తులు పెట్టుచున్నారనియు, వారికి ఉపకరించు నాలుగు మాటలు చెప్పవలసినదనియు కార్యదర్శిగారు కోరిరి. ఈ విషయమున నేను పండితుడను కాను. ఒకమారు ఓడి, ఒకమారు గెలిచినవాడను. ఆ రెండు దరఖాస్తుల నడుమ నేర్చుకొన్నదే నేడు మనవి చేయుదును.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల సభలో పరిశోధన ప్రసక్తి వచ్చినపుడు మొదట స్మరింపవలసినవారు సర్ సి. వి. రామన్. విశాఖపట్టణమున బాల్యము గడపిన ఆ మహనీయుడు 1907లో ఆర్థిక శాఖలో చేరి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కొలువు ప్రారంభించెను. రంగూను, నాగపూరు బదిలీల కాలము మినహాయించినచో, పదేండ్లపాటు పగలు ప్రభుత్వపు లెక్కలు, ఉదయ సాయంకాలములు బౌబజారు వీథిలోని ప్రయోగశాల: ఇదియే ఆయన దినచర్య. 1917లో కొలువు వదలి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్న విషయము 1930లో నోబెల్ బహుమతిని తెచ్చినది. ఆ ప్రయోగమునకు వాడిన పరికరములు మిక్కిలి సామాన్యమైనవి.

నేడు ఆ మార్గమున నడచుట చాల విద్యలలో సాధ్యము కాదు. పరికరముల ధర లక్షలలోను, కోట్లలోను పలుకుచున్నది. రసాయనములు కొనవలెను, సహాయకునకు జీతమీయవలెను. యువశాస్త్రజ్ఞుని తొలి అయిదేండ్లు డబ్బు లేక గడచిపోయినచో, పిదప వచ్చు డబ్బు ఆ కాలమును తిరిగి తేజాలదు. అందుచేతనే తొలి దశలో ఉన్నవారికి ప్రత్యేకముగా కొన్ని పథకములు ఏర్పడినవి. శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ ఫాకల్టీ పథకము అయిదేండ్లది. జీవ, వైద్య శాస్త్రములకు 2008లో మన బయోటెక్నాలజీ శాఖయు, ఇంగ్లండునందలి వెల్‌కమ్ ట్రస్టును కలిసి నెలకొల్పిన ఇండియా అలయన్స్ కలదు. దాని కార్యాలయము మన హైదరాబాదులోనే యున్నది. 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ 2024లో ప్రధానమంత్రి పేర తొలిదశ పరిశోధన గ్రాంటును ప్రారంభించినది, అది మూడేండ్లది. అర్హతలు, వయోపరిమితులు, మొత్తములు అప్పుడప్పుడు మారుచుండును. కనుక ఎవరో చెప్పినది నమ్మక, ఆ యేటి ప్రకటనను ఆద్యంతము చదువవలెను. ఫైళ్ళతో జీవించిన మీకు ఈ హితవు చెప్పనవసరము లేదు. మీ పిల్లలకు మీరు చెప్పవలసి యుండును.

ఇక నా కథ. నా పని త్రాగునీటిలోని ఫ్లోరైడును గూర్చినది. ఈ వ్యాధి మన తెలుగునాట పాతది. భారతదేశమున ఎముకల ఫ్లోరోసిస్‌ను గూర్చిన తొలి వైద్య నివేదికలు 1937లో ఆనాటి నెల్లూరు జిల్లా గ్రామములనుండి వెలువడినవి. తరువాత నల్లగొండ పేరు దేశమంతట వినబడినది. పటిక, సున్నము కలిపి నీటిని తేర్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాలయమువారు రూపొందించినపుడు దానికి నల్లగొండ పద్ధతి యను పేరే స్థిరపడినది. వంగిన వెన్నులతో నడచు వృద్ధులను మా అమ్మమ్మగారి ఊర నేను చూచియున్నాను. కావున ఈ విషయము నాకు కేవలము పాఠ్యాంశము కాదు.

ఆ ఆవేశముతోనే మొదటి దరఖాస్తు వ్రాసితిని. తెలుగునాట ఫ్లోరైడు సమస్యకు సమగ్ర పరిష్కారమని దానికి శీర్షిక పెట్టితిని. జిల్లాలన్నిటిలోని బావుల పరీక్ష మొదటి భాగము. క్రొత్త వడపోత పదార్థముల నిర్మాణము రెండవది. పిల్లల ఎముకల పరీక్ష మూడవది. గ్రామముల ఆర్థిక స్థితి నాల్గవది. అప్పటికి వయోపరిమితి దాటుటకు నాకు రెండేండ్లలోపు గడువు మాత్రము మిగిలియున్నది. ఎంత ఎక్కువ చూపిన అంత మేలని తలచితిని.

ఆరు నెలలకు తిరస్కార పత్రము వచ్చినది. సమీక్షకుల అభిప్రాయముల సారాంశము మూడు మాటలు. సమస్య ముఖ్యమైనదే కాని, అభ్యర్థి అడుగు ప్రశ్న ఏదో తెలియుట లేదు. మొదటి భాగము విఫలమైనచో మిగిలిన మూడును నిలువవు. వైద్య భాగమున అభ్యర్థికి అనుభవము లేదు. మూడును సత్యములే. కాని ఆనాడు నాకు అవి అన్యాయములుగా తోచినవి. నా విషయమును అర్థము చేసికొనజాలని వారి చేతిలో నా దరఖాస్తు పడినదని ఇంటిలో కోపగించుకొంటిని.

నాన్నగారు ఆ దరఖాస్తును అడిగి తీసికొని, ఒక రాత్రియంతయు చదివిరి. వారికి రసాయన శాస్త్రము తెలియదు. ఉదయము కాఫీ త్రాగుచు నన్ను పిలిచి యిట్లనిరి:

"నలభై పేజీలు చదివానురా. ఊళ్ళో జనం బాధ పడుతున్నారని తెలిసింది. నువ్వు చదువుకున్నవాడివనీ తెలిసింది. సోమవారం పొద్దున నువ్వు ఏం చేస్తావో మాత్రం తెలియలేదు."

ఇది నిపుణులకు వ్రాసినదని నేను సమాధానము చెప్పబోతిని. వారు ఆపి,

"నేను పంపిన ఫైలు ఏ గదికి వెళ్తుందో నాకు తెలిసేది కాదు. ఆ గదిలో నేనుండను. అడిగితే చెప్పడానికి ఎవరూ ఉండరు. అక్కడ మాట్లాడవలసింది ఆ నోటు ఒక్కటే. అది చదివినాయన నా తరఫున పై అధికారికి రెండు మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే తప్పు ఆయనది కాదు, నాది," అనిరి.

సోదరులారా, ఆ తరువాత గ్రాంటుల రచనను గూర్చి నేను చదివినవి, విన్నవి పెక్కు గలవు. వాటిలో ఏదియు ఈ మాటను మించలేదు. దరఖాస్తు నిర్ణయమగు విధానమును చూడుడు. ఇద్దరు ముగ్గురు సమీక్షకులు తమ పనుల నడుమ దానిని చదువుదురు. పిదప నిపుణుల సంఘము కూర్చుండును. ఆ సంఘమున మన విషయము నెరిగినవారు ఒకరుండవచ్చును, అసలే యుండకపోవచ్చును. వారి ముందు ఆనాడు పదుల కొలది దరఖాస్తులుండును. మన దరఖాస్తును చదివిన ఒక సభ్యుడు, తక్కినవారికి రెండు నిమిషములలో దానిని వివరింపవలెను. ఆ రెండు నిమిషముల మాటలను మనమే ఆయన చేతికి అందీయవలెను. నేనట్లు చేయలేదు.

నాన్నగారు ఒక కాగితముపై పెన్సిలుతో అయిదు ప్రశ్నలు వ్రాసియిచ్చిరి. విషయమేమి? ఇంతవరకు జరిగినదేమి? ఇప్పుడు తేలవలసినదేమి? కోరుచున్నదేమి? ఒప్పుకొన్నచో ఖర్చెంత, ఫలమేమి? మీరందరును నోటు వ్రాయుటకు వాడు క్రమమే యిది. ఆ అయిదింటికి అయిదు వాక్యములలో జవాబు వ్రాయుటకు నాకు మూడు వారములు పట్టినది. వాక్యము రాకపోవుటకు కారణము భాష కాదు. నా ఆలోచనయే తేలియుండలేదు.

చివరకు నా ప్రశ్న ఇట్లు కుదిరినది. పటిక వేసినచో ఫ్లోరైడు తగ్గును. కాని పటికనుండి కొంత అల్యూమినియము నీటిలో మిగిలిపోవచ్చును. మన దేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటి లీటరులో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండవలెను. వేరొక నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకొందురు. అల్యూమినియము అట్టి స్థితిలో సైతము 0.2 మిల్లీగ్రాములను మించరాదు. బావి బావికి నీటి క్షారత మారును. అట్లు మారినపుడు ఈ రెండు హద్దులను ఒకేమారు పాటించు మార్గమేది? ప్రశ్న ఇంతే. నలభై పేజీల సమగ్ర పరిష్కారము ఒక కడవ నీటిలోనికి వచ్చినది. కాని ఈ ప్రశ్నను ఎవరైనను మరియొకరికి చెప్పగలరు.

తక్కిన మార్పులు దాని వెంట వచ్చినవి. వాటిని క్రమముగా మనవి చేయుదును.

మొదటిది, చేయగలనని చెప్పుటకు బదులు కొంత చేసి చూపితిని. కొన్ని బావుల నీరు తెచ్చి, ఒక పెద్దల ప్రయోగశాలలో సెలవు దినములందు పరీక్షించి, ఒక్క పటము గీచితిని. ఆ పటము పది పేజీల వాగ్దానములకన్న ఎక్కువ పనిచేసినది.

రెండవది, విఫలమైనచో ఏమి చేయుదునో ముందే వ్రాసితిని. మూడు భాగములలో ఏ ఒకటి చెడినను మిగిలిన రెండును నడచునట్లు అమర్చితిని. ఓటమిని ప్రస్తావించుట బలహీనత యని యువకులు భ్రమపడుదురు. అనుభవము గల సమీక్షకుడు దానినే వెదకును.

మూడవది బడ్జెటు. మొదటిసారి ఒక పెద్ద యంత్రమును కోరితిని. అదే యంత్రము మా ఊరిలోని మరియొక సంస్థలో కలదు. రుసుము చెల్లించి వాడుకొనవచ్చును. రెండవసారి ఆ రుసుమును మాత్రమే అడిగి, ప్రతి పద్దునకు ఎదుట అది ఏ పనికి అవసరమో ఒక వాక్యము వ్రాసితిని. పద్దు చూచినవారికి పని కనబడవలెను. ఎక్కువ అడుగుట ఎంత దోషమో, ఎట్లైన రావలెనని తక్కువ అడిగి పిదప పని ఆపుకొనుట అంత దోషము.

నాల్గవది కాలము. సంస్థాధిపతి సంతకము, సహకరించువారి ఉత్తరములు, ధరల పత్రములు గడువుకు నెల ముందే సంపాదించితిని. చివరి దినమున సైటు ఎట్లు నడచునో మీరెరుగుదురు. నేను మూడు రోజుల ముందు పంపి నిద్రపోతిని.

పిదప ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. ఒక సభ్యుడు ఇట్లడిగెను: 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో తెలంగాణ గ్రామములకు నదీజలము వచ్చుచుండగా నీ పని ఎందులకు? అది న్యాయమైన ప్రశ్న. నదీజలము చేరినచోట నా పద్ధతి అవసరము లేదనియు, అది మేలైన మార్గమే యనియు ఒప్పుకొంటిని. కాని దేశమున బోరుబావి నీటినే త్రాగు గ్రామములు ఇంకను గలవనియు, గొట్టము నిలిచిన దినమున జనము పాత బావికే పోవుదురనియు చెప్పితిని. మరియొక ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పి, తెలిసికొను విధమును వివరించితిని. బయటికి వచ్చునపుడు ఆ ఒక్క ప్రశ్నచే ఓడితినని తలచితిని. ఓడలేదు.

ఇచట ఒక సత్యమును దాచరాదు. రెండవ దరఖాస్తు బాగున్నను తిరస్కృతము కావచ్చును. ఉన్న గ్రాంటులు కొన్ని, అడుగువారు వేలు. మంచివి సైతము జారిపోవును. కనుక తిరస్కారమును మన విలువపై తీర్పుగా తీసికొనరాదు. సమీక్షకుల మాటలను మాత్రము తీసికొనవలెను. ఆ కాగితమును వారము రోజులు పెట్టెలో దాచి, కోపము తగ్గిన తరువాత తెరచి చదువుడు. ఉచితముగా దొరికిన గురూపదేశము అదియే.

మంజూరు పత్రము వచ్చిన దినమున దానిని నాన్నగారి చేతిలో పెట్టితిని. మొత్తమెంతయో చూచి సంతోషింతురని ఎదురుచూచితిని. వారు కళ్ళజోడు పెట్టుకొని నేరుగా షరతుల పేజీకి పోయిరి. ఖర్చు చేయు నియమములు, ఏటేటా పంపవలసిన నివేదిక, జి.ఎఫ్.ఆర్. 12-ఏ వినియోగ ధ్రువపత్రము, అన్నియు చదివి, "ఇది నీ డబ్బు కాదు. లెక్క రోజూ రాయి," అని మాత్రము అనిరి. నాటి రాత్రి అమ్మ చెప్పగా తెలిసినది, వారు వీథిలోని మిత్రులందరి ఇండ్లకు పోయి మిఠాయి పంచివచ్చిరని.

నేడు వారు లేరు. ఆ పెన్సిలు కాగితము నా బల్ల సొరుగులో నున్నది. నా విద్యార్థులు దరఖాస్తు వ్రాసినపుడు దాని నకలు ఒకటి వారికిత్తును.

చివరగా ఈ సంఘమునకు ఒక విన్నపము. నోటు వ్రాయుటలో ముప్పది, నలువది యేండ్ల అనుభవము గల పెద్దలు ఈ సభలో ఎందరో యున్నారు. విజ్ఞానశాస్త్రము మనకేమి తెలియునని వెనుదీయవలదు. తెలియనివారు చదివి అర్థము చేసికొనగలుగుటయే ఆ దరఖాస్తునకు తొలి పరీక్ష. నెలకొక సాయంకాలము మన పిల్లలు తమ దరఖాస్తులతో ఇచటికి రానిండు. మీరు చదువుడు. సోమవారము ఉదయము ఏమి చేయుదువని అడుగుడు. వారు లేని గదిలో వారి మాట వినబడుటకు మీరు చేయగల సహాయమిది.

 వెనుక వరుసలోని పిల్లలు ఇక లేవవచ్చును. పులిహోర వాసన నాకును వచ్చుచున్నది.