తెల్లమచ్చ వస్తే చేతులు ఏం తాకినాయో అడగండి



మన సంఘాల్లో ఫినాయిల్, సబ్బుపొడి చేసేవాళ్లు ఉండారు. హాస్టళ్లలో, ఆస్పత్రుల్లో కడిగే పనికి పోయేవాళ్లూ ఉండారు. చేతి మీద తెల్లమచ్చ కనబడితే ఇంట్లో ముందు వచ్చే మాట బొల్లి. చెంబు, తట్ట వేరే పెడతారు. ఆమె కూతురికి సంబంధం కూడా కుదరనియ్యరు. ఆ చేతులు ఏ మందులో నానినాయో మాత్రం ఎవరూ అడగరు.

1939లో అమెరికాలో తోళ్లు శుద్ధి చేసే ఒక ఫ్యాక్టరీలో రబ్బరు గ్లౌజులు తొడుక్కున్న పనివాళ్లకు చేతులు తెల్లబడినాయి. రబ్బరు చెడిపోకుండా కలిపిన మందే కారణమని తేలింది. ఫినాల్ జాతి మందులు కొన్ని చర్మానికి రంగునిచ్చే కణాలనే చంపుతాయి. నేల కడిగే కొన్ని మందుల్లోనూ, స్టిక్కర్ బొట్టు బంకలోనూ, రబ్బరు చెప్పుల్లోనూ అట్లాంటివి ఉంటాయి. నుదుట సరిగ్గా బొట్టంత మచ్చ వచ్చినామెను మీరూ చూసింటారు. కోల్‌కతా డాక్టర్లు 864 మందిని చూసి 2009లో రాసినదాంట్లో అన్నిటికంటే ఎక్కువ మందికి తలకేసే రంగు వల్లనే వచ్చింది.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ మందు తాకని చోటికి కూడా పాకొచ్చు, అందుకే అనుమానం వచ్చిన రోజే ఆ వస్తువు మానాల. మానితే కొందరికి రంగు తిరిగొస్తుంది, అందరికీ రాదు. మచ్చ మీద గిల్లినా తెలియకుంటే అది కుష్టు కావొచ్చు, దానికి సర్కారు ఆస్పత్రిలో మందులు ఉచితం. ఏదైనా సరే, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు వాడిన డబ్బా పట్టుకొని పోండి.

ఫినాయిల్ చేసే సంఘాలు కొన్న మందుల డబ్బాల మీది చీటీలు చింపకుండా దాచాలని వచ్చే నెల మీటింగులో తీర్మానం రాయమని అడుగుతాండా.