పట్టికకు అందని ముప్పు

వైద్యం గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి ఈ సదస్సులోలా ఇంతమంది డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, సైన్సు రచయితలు ఒకచోట చేరడం అరుదు. అందుకని మర్యాద మాటలతో సరిపెట్టకుండా ఒక ప్రశ్న మీ ముందుంచుతాను. ఇన్‌ఫ్లుయెంజాయో, కోవిడో సోకిన మనిషి ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాడు, ఆయాసం లేదు. అలాంటివారిలో యాంటీవైరల్ మందు ఎవరికి వెంటనే మొదలుపెట్టాలి, ఎవరికి అక్కర్లేదు? మనకు అలవాటైన జవాబు ‘హై రిస్క్’ పట్టిక: అరవై ఐదు దాటినవారు, షుగర్, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బు, గర్భిణులు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ పట్టిక ముప్పు ఉన్నవారిని ఎంచడం లేదు. ముప్పు ఉందని అప్పటికే నిర్ధారణ అయినవారిని ఎంచుతోంది. ఈ రెండు గుంపులూ దాదాపు ఒకటే అయిన దేశాల్లో పట్టిక బాగానే పనిచేస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అవి ఒకటి కావు.

ముప్పును సరిగ్గా అంచనా వేయడం ఎందుకింత ముఖ్యమో మొదట అంకెల్లో చూద్దాం. కోవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ జంట మందుపై జరిగిన ఎపిక్-హెచ్ఆర్ ట్రయల్‌లో చేరినవారంతా టీకా వేసుకోని, ముప్పు కారణాలున్న పెద్దలు. లక్షణాలు మొదలైన మూడు రోజుల్లోపు మందు అందిన 697 మందిలో 5 కేసులు ఆసుపత్రి దాకా వెళ్లాయి. ఉత్తుత్తి మాత్ర అందుకున్న 682 మందిలో ఆసుపత్రిపాలైనవారు, మరణించినవారు కలిపి 44 మంది. తగ్గుదల 89 శాతం అని పత్రికలన్నీ రాసింది ఈ లెక్కనే. మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు పనికొచ్చే లెక్క వేరు: సుమారు పద్దెనిమిది మందికి మందిస్తే ఒకరు ఆసుపత్రి తప్పించుకున్నారు. అదే మందు, అదే మోతాదు ఎపిక్-ఎస్ఆర్ ట్రయల్‌లో ఇచ్చారు. అక్కడ చేరినవారు టీకా వేసుకుని ముప్పు కారణం ఉన్నవారు, లేదా టీకా వేసుకోకపోయినా ముప్పు కారణమేదీ లేనివారు. ఉత్తుత్తి మాత్ర వారిలో 1.6 శాతం, మందు తీసుకున్నవారిలో 0.8 శాతం ఆసుపత్రి దాకా వెళ్లారు. ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. నిలిచిందనుకున్నా ఒక్కరిని కాపాడటానికి నూట పాతిక మందికి ఇవ్వాలి. మందు శక్తి ఎంత అన్నది ట్రయల్ చెబుతుంది. ఆ శక్తి ఎదుటి రోగికి ఎంత మేలుగా మారుతుందో చెప్పేది మాత్రం అతనికి మొదటినుంచీ ఉన్న ముప్పు. ఆ రెండో అంకెను ఏ ట్రయలూ మనకు ఇవ్వదు, మనమే వెతుక్కోవాలి.

టీకాలొచ్చాక వచ్చిన సాక్ష్యం కూడా ఇదే చెప్పింది. ఒమిక్రాన్ కాలంలో ఇజ్రాయెల్‌లో క్లాలిట్ ఆరోగ్య సంస్థ సమాచారాన్ని పరిశీలించినప్పుడు, అరవై ఐదు దాటినవారిలో ఇదే మందుతో ఆసుపత్రి చేరికలు 73 శాతం తగ్గినట్లు కనిపించింది. నలభై నుంచి అరవై నాలుగేళ్లవారిలో స్పష్టమైన మేలు కనిపించలేదు. బ్రిటన్‌లో పాతిక వేలమందికి పైగా పాల్గొన్న పనోరమిక్ ట్రయల్‌లో మరో కోవిడ్ మందు మోల్నుపిరావిర్ తీసుకున్నవారూ తీసుకోనివారూ సమానంగా, వందకు ఒకరి చొప్పునే ఆసుపత్రిపాలయ్యారు; మందు తీసుకున్నవారు కొన్ని రోజులు ముందు కోలుకున్నారు, అంతే. వీటన్నిటి తర్వాత 2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కోవిడ్ మార్గదర్శకాలను తిరగరాసింది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారిలో ఆసుపత్రి ముప్పు దాదాపు 6 శాతం, వృద్ధులు, దీర్ఘకాలిక జబ్బులున్నవారిలో 3 శాతం, మిగతావారిలో 0.5 శాతం అని మూడు మెట్లు కట్టి, నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ జంటను మొదటి మెట్టుకు గట్టిగా, రెండో మెట్టుకు షరతులతో సిఫారసు చేసి, మూడో మెట్టుకు వద్దంది. నా దృష్టిలో అందులోని పెద్ద ముందడుగు ఆ మెట్లు కావు. ముప్పును జబ్బు పేర్లతో కాకుండా శాతాలతో మాట్లాడటం.

దీనికి భిన్నంగా అమెరికా రోగ నియంత్రణ కేంద్రం కోవిడ్ పట్టికలో అధిక బరువు, ఒకప్పటి పొగతాగే అలవాటు, వ్యాయామ లోపం, డిప్రెషన్ కూడా ఉన్నాయి. ఆ లెక్కన అక్కడి పెద్దల్లో అత్యధికులు హై రిస్కే. అందరూ హై రిస్క్ అయ్యాక ఆ మాట ఎవరినీ వేరుచేసి చూపించదు.

మన దేశంలో ఇంతకంటే పొందికైన ప్రయత్నం 2009లోనే జరిగింది. ఆ ఏడాది మేలో దేశంలోనే మొదటి హెచ్1ఎన్1 కేసు హైదరాబాద్‌లో నిర్ధారణ అయింది. కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను ఎ, బి, సి అని విడదీసింది. తేలికపాటి జ్వరం, దగ్గు ఉంటే ఎ: పరీక్ష వద్దు, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ వద్దు, ఇంట్లో ఉండి కనిపెట్టుకోవాలి. అదే జ్వరం ఐదేళ్లలోపు పిల్లలకో, గర్భిణికో, అరవై ఐదు దాటినవారికో, షుగర్, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, కాలేయ జబ్బులు ఉన్నవారికో, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారికో వస్తే బి: పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం, రక్తపు కళ్లె కనబడితే సి: వెంటనే ఆసుపత్రి. ‘పరీక్ష కోసం ఆగకుండా’ అన్న ఒక్క మాటకే ఆ పత్రాన్ని గౌరవించాలి. లక్షణాలు మొదలైన 48 గంటల్లో పడితేనే ఒసెల్టామివిర్ బాగా పనిచేస్తుందన్న సత్యం మీద అది నిలబడింది. 2009 మహమ్మారిలో ఆసుపత్రుల్లో చేరిన 29 వేల మందికి పైగా రోగుల సమాచారాన్ని కూర్చి 2014లో వెలువరించిన విశ్లేషణలోనూ రెండు రోజుల్లోపు మందు పడినవారిలో మరణాలు ఆలస్యంగా పడినవారిలో కంటే బాగా తక్కువ.

కానీ బి వర్గంలోకి రావాలంటే షుగర్ ఉందని రోగికి తెలిసి ఉండాలి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉంది. ఆ అధ్యయనం ఇంటింటికీ వెళ్లి రక్తం పరీక్షించింది కాబట్టి ఆ సంఖ్య బయటపడింది. పరీక్ష చేయించుకోని మనిషిని ‘మీకు షుగర్ ఉందా’ అని అడిగితే ‘లేదు’ అనే అంటాడు, నిజాయితీగానే అంటాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషికి కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నా కాళ్లవాపు రాదు, నొప్పి రాదు. క్రియాటినిన్ చూసేదాకా అతను ఆరోగ్యవంతుడే. ఏజెన్సీ గ్రామాల్లో సికిల్‌సెల్ ఉన్నా పరీక్షకు అందని పిల్లలున్నారు. దశాబ్దాలుగా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల ఊపిరితిత్తులు సిగరెట్టు ముట్టకుండానే పాడవుతాయి. వారి చీటీలో ‘సీఓపీడీ’ అన్న మాట కనిపించదు. ఎప్పుడో టీబీ వచ్చి నయమైనవారి ఛాతీలో మచ్చలు మిగిలే ఉంటాయి. పడమటి ఊబకాయపు కొలత బీఎంఐ 30 దగ్గర మొదలవుతుంది, మన నిపుణులు 25 దగ్గరే మొదలుపెట్టమంటారు. ఇవన్నీ ఒకే దిశలో తప్పు చేయిస్తాయి. పట్టణంలో ఏటా హెల్త్ చెకప్ చేయించుకునే మనిషి పట్టికలో ముందు దొరుకుతాడు; అతనికంటే ముప్పు ఎక్కువున్న కూలి మనిషి ఎ వర్గంలో మిగిలిపోతాడు.

ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. కిడ్నీ మార్పిడి జరిగినవారు, కీమోథెరపీలో ఉన్నవారు, రిటుక్సిమాబ్ లాంటి మందులు తీసుకుంటున్నవారు ఎక్కడున్నా నిర్ధారణ అయినవారే. అందరికంటే పైమెట్టు వారిది. వారి విషయంలో పట్టిక తప్పు చేయదు, కావాల్సిందల్లా వేగం. మరో చిక్కు కూడా వారిదే: రిటోనావిర్ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది కాబట్టి మార్పిడి జరిగినవారు వాడే టాక్రోలిమస్ స్థాయి రక్తంలో ప్రమాదకరంగా పెరిగిపోతుంది. సిమ్వాస్టాటిన్ ఆపాలి, రివరోక్సబాన్ వాడేవారిలో రక్తస్రావం భయం. రిఫాంపిసిన్ వాడుతున్న టీబీ రోగిలో కథ తిరగబడుతుంది, యాంటీవైరలే రక్తంలో నిలవదు. రిఫాంపిసిన్ ఆపిన వెంటనే ఇచ్చినా లాభం లేదు, ఎంజైము నెమ్మదించడానికి రోజులు పడుతుంది. ఇక ఉద్దానం రోగి దగ్గరికి మళ్లీ వస్తే, నిర్మాట్రెల్విర్ అయినా ఒసెల్టామివిర్ అయినా కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గించాలి. అంటే తెలియని కిడ్నీ జబ్బు రెండు వైపులా దెబ్బతీస్తుంది: ముప్పును తక్కువ చేసి చూపిస్తుంది, తీరా మందిస్తే ఎక్కువ మోతాదు పడేలా చేస్తుంది.

‘ఇంత తర్కం దేనికి, జ్వరం వచ్చిన ప్రతివారికీ ఇచ్చేద్దాం’ అనేవారున్నారు. ఒసెల్టామివిర్ మన హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. నిర్మాట్రెల్విర్ జనరిక్‌లలో మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి పొందింది కూడా 2022లో హెటెరో తయారీయే. కొరత లేదు, నిజమే. కానీ ఇప్పుడే చూశాం, ముప్పు లేనివారిలో మేలు సున్నాకు దగ్గర. వాంతులు, మందుల పోట్లాట మాత్రం వారిలోనూ రావచ్చు. 2022 జనవరిలో మోల్నుపిరావిర్‌ను జాతీయ చికిత్సా విధానంలో చేర్చకూడదని ఐసీఎంఆర్ నిర్ణయించడానికి కారణం భద్రత గురించిన సందేహాలే. దీనికి నేరుగా ఎదురు నిలిచే అభ్యంతరం మరింత బరువైనది. ఒసెల్టామివిర్ వల్ల ఇంట్లో ఉన్న రోగి ఆసుపత్రి పాలవడం తగ్గుతుందని ట్రయళ్లలో రుజువు కాలేదు. 2014 కాక్రేన్ సమీక్షలో పెద్దల్లో లక్షణాలు సుమారు 17 గంటలు ముందు తగ్గాయి, అంతే; 2023లో వచ్చిన మరో విశ్లేషణ కూడా ఆసుపత్రి చేరికలు తగ్గినట్లు చూపలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రం కాని ఫ్లూలో హై రిస్క్ రోగులకు బలోక్సావిర్ అనే మరో మందు వైపు మొగ్గింది, ఒసెల్టామివిర్‌ను తీవ్ర రోగులకు పరిమితం చేసింది. ఈ అభ్యంతరాన్ని నేను దాటవేయను. నా జవాబు ఇది: ఆ ట్రయళ్లలో ఎక్కువమంది ఆరోగ్యవంతులు, ఆసుపత్రి చేరికలు అతి కొద్ది. ముప్పు తక్కువున్న గుంపులో మందు మేలు కనిపించకపోవడం ముప్పు ఎక్కువున్నవారిలో మేలు లేదని తేల్చదు. ఉందని కూడా తేల్చదు. ఆ సందేహం ఉన్నంతకాలం, చవకైన, అలవాటైన మందును మొదటి 48 గంటల్లో, నిజంగా ముప్పు ఉన్నవారికే ఇవ్వడం సమంజసం. మిగతావారికి ఇవ్వడం సమంజసం కాదు. ఎంపిక సరిగా లేకపోతే ఈ రెండు వాక్యాలూ కూలిపోతాయి.

అయితే ఎంపిక జ్వరం వచ్చిన రోజున చేయడం అసాధ్యం. మొదటి రోజు మెడికల్ షాపులో పారాసెటమాల్, రెండో రోజు ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్, మూడో రోజు సెలైన్. కొన్నిసార్లు ఆ ఇంజెక్షనే స్టెరాయిడ్. ఆక్సిజన్ అవసరం లేని కోవిడ్ రోగికి డెక్సామెథసోన్ మేలు చేయలేదని, కీడు చేసే అవకాశమే ఉందని రికవరీ ట్రయల్ 2020లోనే చూపింది. రోగి పెద్దాసుపత్రి చేరేసరికి 48 గంటలు గడిచిపోతాయి. అప్పుడు క్రియాటినిన్ చూసి, మందుల చీటీ వెతికి, ముప్పు లెక్కేసే తీరిక ఎక్కడ? ముప్పు అంచనా ఫ్లూ సీజన్‌కు ముందే జరిగి ఉండాలి. మనకు సీజన్లు రెండు, జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానాకాలం చివర మరొకటి.

ఇది పగటికల అనుకోకండి. గర్భిణి విషయంలో ఇప్పటికే చేస్తున్నాం. ఆమెకు జ్వరం రాకముందే ఆమె పేరు, నెలలు ఏఎన్ఎం రిజిస్టరులో ఉంటాయి. ముప్పై దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో వయసు, నడుం చుట్టుకొలత, పొగాకు, ఆయాసంతో పాటు వంటకు ఏ ఇంధనం వాడతారన్న ప్రశ్న కూడా ఉంది. ఆశాలపై మరో భారం వేస్తున్నారని కోప్పడేవారి ఆవేదన న్యాయమైనదే. వారి చేత ఇప్పటికే నింపించిన కాగితాన్ని ఎవరూ చదవకపోవడం అంతకంటే పెద్ద అన్యాయం. కొత్త ఫారం వద్దు. ఆ సమాచారం నుంచే, బీపీ, షుగర్ పరీక్షల ఫలితాలతో కలిపి, ప్రతి పల్లె దవాఖానాలో, బస్తీ దవాఖానాలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీజన్‌కు ముందు ఒక పేర్ల జాబితా తీయాలి. ఉద్దానం లాంటి చోట్ల క్రియాటినిన్ విలువ, ఏజెన్సీలో సికిల్‌సెల్ ఫలితం, అందరికీ వాడుతున్న మందుల పేర్లు చేర్చాలి. వయసుకు అన్నిటికంటే ఎక్కువ బరువివ్వాలి. 2020లో కోటీ డెబ్బై లక్షల మంది ఆరోగ్య రికార్డులు పరిశీలించిన బ్రిటన్ ఓపెన్‌సేఫ్లీ అధ్యయనంలో ఎనభై దాటినవారి మరణ ముప్పు యాభైల్లో ఉన్నవారికంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ తేలింది. పైగా వయసు అనే ముప్పు కారణానికి నిర్ధారణ అక్కర్లేదు.

బ్రిటన్ తన జనాభా కోసం తయారుచేసుకున్న క్యూకోవిడ్ లాంటి లెక్కల యంత్రాన్ని అలాగే తెచ్చుకుందామన్న సూచనను మాత్రం ఒప్పుకోలేను. అక్కడి కుటుంబ వైద్యుల రికార్డుల్లో ఉన్న జబ్బుల మీద అది నడుస్తుంది. రికార్డే లేని మనిషికి అది తక్కువ ముప్పు అనే చెబుతుంది. మనకు మన అంకెలు కావాలి. అందుకు ఈ సాయంత్రం తీర్మానాల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను: జాబితాలోని మనిషికి జ్వరం వచ్చినప్పుడు లక్షణాలు మొదలైన రోజు, మందు మొదటి మోతాదు పడిన గంట, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత ఆ మనిషి ఇంట్లో ఉన్నాడా, ఆసుపత్రిలో ఉన్నాడా, చనిపోయాడా అన్న మూడు వివరాలను అదే రిజిస్టరులో రాయమని రెండు ప్రభుత్వాలనూ కోరాలి. రెండు మూడు సీజన్ల రిజిస్టర్లు చేతికొస్తే, ఉద్దానంలోని యాభై ఐదేళ్ల మనిషి ముప్పు ఎంత శాతమో, కట్టెల పొయ్యి దగ్గర వంటచేసే డెబ్బై ఏళ్లామె ముప్పు ఎంత శాతమో మన లెక్కలతోనే మాట్లాడుకోగలుగుతాం.