చుక్క కుదిరిననే ముగ్గు కుదురును
(ఎంబ్రాయిడరీ మిషనుపై డిజైనును సరియైన చోట నిలుపుటను గూర్చి పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మన పొదుపు సంఘముల స్త్రీలలో కొందరు కుట్టు మిషనుతోపాటు ఎంబ్రాయిడరీ మిషనును కూడ ఇంటికి తెచ్చుకొనుచున్నారు. పువ్వు గాని, తీగ గాని, నెమలి గాని, కావలసిన డిజైనును ఎంచి మీట నొక్కినచో మిషనే కుట్టును. అయినను ఒక గ్రామములో నేను చూచిన సంగతి వినుడు. పెండ్లికూతురి పట్టు రవికె వీపుపై నెమలి ఎంతో అందముగా వచ్చినది. కాని వెన్ను నడుమ ఉండవలసిన ఆ నెమలి అంగుళము ప్రక్కకు జరిగినది. దారము విప్పినను పట్టుపై సూది రంధ్రములు మాయవు గదా! కుట్టిన ఆమెకు కూలి రాకపోగా గుడ్డ వెల కూడ ఇచ్చుకొనవలసి వచ్చినది.

ఇందు తప్పు మిషనుది కాదు. సూది పైకి, క్రిందికి మాత్రమే ఆడును. గుడ్డను బిగించిన ఫ్రేము అటునిటు కదలును. ఆ ఫ్రేములో గుడ్డ తిన్నగా నున్నదో, వంకరగా నున్నదో సాధారణమైన మిషనుకు తెలియదు. చోటు నిర్ణయించుట మనిషి పని.

ఇది మన ఆడపడుచులకు క్రొత్త విద్య కాదు. ముందు చుక్కలు పెట్టి, పిదప గదా ముగ్గు వేయుదురు! ఇక్కడను అంతే.

మొదట గుడ్డను ఇస్త్రీ చేసి, సగమునకు మడచి నడిమి గీతను గుర్తింపవలెను. డిజైను నడుమ రావలసిన చోట దానికి అడ్డముగా మరియొక గీతను సుద్దతో గీయవలెను. రెండును కలిసిన చోటే మన చుక్క. ఆ సుద్ద మరక పోవునో లేదో ముక్క గుడ్డపై ముందే చూచుకొనవలెను.

రెండవది, డిజైనును అసలు కొలతలో కాగితముపై అచ్చు వేయించి, గుడ్డపై పరచి చూడవలెను. మెడ కత్తిరింపు, కుట్టు మడతలు పోగా ఎంత చోటు మిగులునో అప్పుడే తెలియును.

మూడవది, గుడ్డ అడుగున గట్టి కాగితము నుంచి, ఫ్రేముతో వచ్చిన గళ్ల పలక గీతలు సుద్ద గీతలతో కలియునట్లు బిగింపవలెను. గుడ్డను సాగదీయరాదు. సాగిన గుడ్డ ఫ్రేము విప్పగానే ముడుచుకొని ముడతలు పడును.

నాల్గవది, చేతి చక్రమును త్రిప్పి సూది మొన చుక్కపైననే వాలుచున్నదో లేదో చూడవలెను. కొద్ది తేడాను బాణపు గుర్తుల మీటలతో సవరింపవచ్చును.

చిన్న వంకరయే గదా యని ఉపేక్షింపరాదు. గుడ్డ ఒక్క డిగ్రీ వంకరగా బిగిసినచో 10 సెంటీమీటర్ల పొడవున సుమారు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చును. చీర అంచు విషయమున మరింత జాగ్రత్త వలెను. 10 సెంటీమీటర్ల ఫ్రేముతో ఐదున్నర మీటర్ల అంచు కుట్టుటకు 55 మార్లు బిగింపవలెను. క్రిందటి పువ్వునుండి కొలుచుకొనుచు పోయి, ప్రతిమారు ఒక మిల్లీమీటరు ఒకే వైపునకు తప్పినచో చివరకు తేడా 5 సెంటీమీటర్లు మించును. కావున కాలువ త్రవ్వుటకు ముందు త్రాడు లాగి కొయ్యలు పాతినట్లు, అంచు పొడవునను ఒకే గీత గీచి, ఒకే కొననుండి కొలిచి చుక్కలన్నియు ముందే పెట్టుకొనవలెను. నడుమ కరెంటు పోయినను గుడ్డను ఫ్రేమునుండి తీయరాదు. తిరిగి అదే చోట బిగించుట మిక్కిలి కష్టము.

సభ్యులారా! ఇందు మా పని యేమని మీరు అడుగవచ్చును. మీ గ్రామమున శిక్షణ జరుగునపుడు మీట నొక్కుట మాత్రమే నేర్పుచున్నారేమో విచారింపుడు. చుక్క పెట్టుట, ఫ్రేము బిగించుట చేతికి వచ్చువరకు పాత గుడ్డలపై అభ్యాసము చేయింపుడు. పంచాయతీ భవనములో వెలుతురు గల ఒక గదిని, కదలని బల్లను సమకూర్చినను గొప్ప మేలు చేసినవారగుదురు. అప్పు తెచ్చి కొన్న మిషను పరుల గుడ్డను పాడుచేసినచో అప్పు మాత్రమే మిగులును. కోరిన చోట పువ్వును నిలిపినచో పొరుగూరి వారును గుడ్డ తెచ్చి మన సోదరి చేతికే ఇత్తురు.